లైన్ తీగకి తగిలించే రేటింగ్ మానిటర్, నాలుగు నెలలు వాడినాక

ముందే చెప్తా, ఇది ఫోన్ రివ్యూ కాదు, మిక్సీ రివ్యూ కాదు. 33 కేవీ కరెంటు లైన్ తీగకి తగిలిస్తే, ఆ క్షణం తీగ ఎంత కరెంటు మోయగలదో (దాన్నే రేటింగ్ అంటారు) చెప్పే డబ్బా రివ్యూ. చదివేవాళ్ళు పది మంది ఉంటారేమో, ఆ పది మందికి మాత్రం పనికొస్తది అని రాస్తా ఉండా, ఎందుకంటే నేను కొనేముందు తెలుగులో వెతికితే ఒక్క ముక్క దొరకలా.

నేను చిత్తూరు, పుత్తూరు మధ్యలో ఒక సోలార్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తా. ప్లాంట్ 12 మెగావాట్లు. ఆడ నుంచి సబ్‌స్టేషన్ దాకా 9 కిలోమీటర్ల లైన్ మాదే, అంటే తీగ తెగినా మాదే, చెట్టు పడినా మాదే, కాకి గూడు కట్టినా మాదే. తీగ రకం పేరు డాగ్, ఏసీఎస్ఆర్, అంటే స్టీలు మీద అల్యూమినియం చుట్టిన తీగ, 6 అల్యూమినియం పోగులు, మధ్యలో 7 సన్న స్టీలు పోగులు. ఎనిమిదేళ్ళ క్రితం లాగినారు, ఇన్నాళ్ళూ దాని గురించి ఎవరూ ఆలోచించలా, ఎందుకంటే 12 మెగావాట్లకి 210 ఆంపియర్లు పోతాయి, డాగ్ గమ్మున మోస్తది.

గొడవ ఎప్పుడు మొదలైందంటే ఇంకో 3 మెగావాట్లు కలిపినప్పుడు. పర్మిషన్ వచ్చింది, బ్రేకర్ సరిపోతది, సీటీలు (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్లు) మార్చినాం, అంతా బాగుంది, చివర్లో ఎవరో అడిగినారు తీగ సరిపోతదా అని. 15 మెగావాట్లంటే 262 ఆంపియర్లు. నేను ఎక్సెల్ తెరిచి లెక్కేసినా. బయట 45 డిగ్రీలు, తీగ 75 డిగ్రీలు దాటకూడదు, గాలి గంటకి 2 కిలోమీటర్లు, ఎండ చదరపు మీటరుకి 1045 వాట్లు, మన దేశంలో ప్లానింగ్‌కి కేంద్ర విద్యుత్ సంస్థ సీఈఏ మాన్యువల్‌లో వాడే లెక్కలే. వచ్చింది 248 ఆంపియర్లు. బయట 40 డిగ్రీలే అనుకుంటే 276. అంటే మా 262 సరిగ్గా ఆ మధ్యలో పడి కూర్చుంది, వేరే పనేం లేనట్టు.

మేనేజ్‌మెంట్ వాళ్ళు ఒకటే మాట, తీగ మార్చేద్దాం, ఇంకా లావుది, పాంథర్ వేద్దాం అని. చెప్పడానికి బాగానే ఉంటది. డాగ్ కిలోమీటరుకి 394 కిలోలు, పాంథర్ 974 కిలోలు, రెండింతల మీద, ఆ బరువుకి మన పోల్సు, క్రాస్ ఆర్ములు, స్టే వైర్లు అన్నీ మళ్ళీ చూసుకోవాల, పైగా 9 కిలోమీటర్లు రైతుల పొలాల్లో మళ్ళీ దిగాల. అప్పుడు మా పెద్ద సార్ ఎక్కడో ప్రెజెంటేషన్ చూసొచ్చి చెప్పినాడు, తీగ మీదే మీటర్ పెట్టి ఈ క్షణం ఎంత మోయగలదో చెప్పే డబ్బాలు వచ్చినాయంట, తెప్పిద్దాం అని. అట్లా మొదలైంది.

కంపెనీ పేరు చెప్పను, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. ఈ రంగంలో బయటి దేశాల్లో పెద్ద పేర్లు ఉన్నాయి, బెల్జియంలో ఆంపాసిమాన్ వాళ్ళు లియేజ్ యూనివర్సిటీ నుంచి వచ్చినోళ్ళు, తీగ ఊగే ఫ్రీక్వెన్సీ చూసి సాగ్, అంటే తీగ మధ్యలో ఎంత కిందికి వేలాడతా ఉందో, చెప్తారు, నార్వే హైమ్‌డాల్ వాళ్ళది గుండ్రంగా బంతి మాదిరి ఉంటది, అమెరికా లైన్‌విజన్ వాళ్ళు అసలు తీగని ముట్టుకోకుండా టవర్ మీద నుంచి లైడార్‌తో, అంటే లేజర్‌తో కొలిచి, చూస్తారు. మాది వీటిలో ఏదీ కాదు. మన దేశంలోనే అసెంబుల్ చేసింది, మూడు నెలల అద్దె, డిపాజిట్ కట్టాల, నచ్చితే కొనుక్కోవచ్చు. మూడు యూనిట్లు, వాటి రీడింగులు అందుకుని పంపే ఒక గేట్‌వే, పోల్‌కి పెట్టే ఒక చిన్న వెదర్ స్టేషన్, సాఫ్ట్‌వేర్, అన్నీ కలిపి కొంటే ఒక మంచి ఎస్‌యూవీ ధర అవుతది, టాప్ మోడల్ కాదు, మధ్య మోడల్.

డబ్బా విషయానికొస్తే చూడటానికి మధ్యస్థం గుమ్మడికాయంత ఉంటది, రెండు చెక్కలుగా విడిపోతది, తీగని మధ్యలో పెట్టి మూసి రెండు అలెన్ బోల్టులు బిగించాల. మా లైన్‌మన్ అన్న దాన్ని చూడగానే "ఏంది సార్ ఇది, తీగకి పుత్తూరు కట్టు కడతాండామా?" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది, ఇప్పుడు మా ప్లాంట్‌లో ఎవరూ మానిటర్ అనరు, "కట్టు కాడ రీడింగ్ ఎంత?" అంటారు. లోపల నాలుగు పనులు చేస్తది, తీగ వేడి చూస్తది, కరెంటు చూస్తది, తీగ ఎంత వంగి ఉందో యాంగిల్ చూస్తది, దాన్ని బట్టి సాగ్ చెప్తది. బ్యాటరీ మార్చే పని లేదు, తీగలో పోయే కరెంటు నుంచే సీటీ మాదిరి పవర్ లాక్కుంటది. ఇది వాళ్ళు గొప్పగా చెప్పుకున్న పాయింట్, దీని సంగతి కింద చెప్తా.

అసలు తీగ ఎంత మోస్తది అనేది ఎందుకు మారతా ఉంటది అనేది ఇప్పుడే చెప్పేస్తా, లేకుంటే మిగతాది అర్థం కాదు. తీగకి వేడి రెండు వైపుల నుంచి వస్తది, లోపల కరెంటు వల్ల, పైన ఎండ వల్ల. పోయేది రెండు రకాలుగా, గాలి లాక్కుపోతది, కొంత అదే బయటికి వదులుతది. ఈ నాలుగూ సరిపోయే కాడ తీగ వేడి నిలబడతది. దీనికి ఐఈఈఈ 738 అని ఒక స్టాండర్డ్ ఉంది, ఫార్ములా అంతా అందులో ఉంటది, ఎక్సెల్‌లో ఒక పూట పని. అందరూ అనుకునేది ఏమంటే ఎండాకాలం కాబట్టి వేడి ముఖ్యం అని. కాదు. నా ఎక్సెల్‌లో బయట వేడి 45 నుంచి 40కి తగ్గిస్తే 248 కాస్తా 276 అయింది, బాగానే ఉంది. అదే 40 డిగ్రీల్లో గాలిని 2 కిలోమీటర్ల నుంచి గంటకి అయిదున్నర కిలోమీటర్లకి పెంచితే 372. అయిదున్నర కిలోమీటర్లంటే ఏం గాలి, చీర కొంగు కదిలే గాలి. అదే గాలి పూర్తిగా పడిపోతే ఎంతొచ్చిందో తెలుసా, 143. మళ్ళీ చదువుకోండి, 143. అంటే ఎండ నెత్తి మీద, ఆకు కదలకుండా ఉంటే మా పాత 12 మెగావాట్ల 210 కూడా ఎక్కువే. ఎనిమిదేళ్ళుగా ఏం కాలేదంటే పూర్తిగా గాలి లేని మధ్యాహ్నం అరుదు కాబట్టి, ఇంగ మా అదృష్టం కాబట్టి.

ఇంకోటి, గాలి తీగకి అడ్డంగా కొట్టాల. తీగ వెంబడే పోతే అదే వేగానికి చల్లదనం నలభై శాతం కూడా రాదు. కాఫీ గ్లాసు పై నుంచి ఊదడానికి, పక్కన నిలబడి ఊదడానికి తేడా ఉన్నట్టు.

సరే, ఏప్రిల్ మొదటి వారంలో కంపెనీ నుంచి ఇద్దరు పిల్లోళ్ళు వచ్చినారు, మంచోళ్ళే, ల్యాప్‌టాప్‌తో. ఎల్‌సీ (లైన్ ఆపి పని చేసుకునే పర్మిషన్) తీసుకున్నాం, ఎర్త్ రాడ్లు వేసినాం, మూడు యూనిట్లు నాలుగు గంటల్లో పెట్టేసినారు. మెచ్చుకోవాల, బిగించడం నిజంగా సుఖం. కానీ ఎక్కడ పెట్టినారు? ఒకటి ప్లాంట్ గేటు కాడ, ఒకటి రోడ్డు పక్కన, ఒకటి సబ్‌స్టేషన్ ముందు. ఎందుకంటే బకెట్ లారీ ఆడికే పోతది. వెదర్ స్టేషన్ కంట్రోల్ రూమ్ డాబా మీద, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ పక్కన. నేను కూడా అప్పుడు ఏం అనలా, నాకూ తెలీదు, ఆ తప్పు నాది కూడా.

మూడు వారాలు డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. మధ్యాహ్నం కూడా తీగ 55, 58 డిగ్రీలు, "అందుబాటులో ఉన్న కెపాసిటీ 340 ఆంపియర్లు" అని పెద్ద అక్షరాల్లో. మా సార్ సంతోషం చూడాల, స్క్రీన్‌షాట్లు తీసి హెడ్డాఫీసుకి పంపినాడు. మా లైన్‌మన్ అన్న మాత్రం నమ్మలా. "సార్, మీరు పెట్టింది గాలి ఆడే కాడ. గుట్ట వెనక మామిడి తోట కాడ పెట్టండి. మధ్యాహ్నం ఆడ ఆకు కూడా కదల్దు. నేను ఇన్నేళ్ళూ నడస్తా ఉండా, ఆడ తీగ ఎంత కిందికొస్తాదో నాకు తెల్సు." ఆయన దగ్గర ఏ సెన్సారూ లేదు. చెమట ఒక్కటే.

ఏప్రిల్ చివర్లో ఇంకో ఎల్‌సీ తీసుకుని గేటు కాడ యూనిట్ విప్పి తోట కాడికి మార్చినాం, ఈసారి నిచ్చెన వేసుకుని, ట్రాక్టర్ కూడా పోలేని దారి. పైన బిగిస్తా ఉంటే అలెన్ కీ చేయి జారి కింద గడ్డిలో పడింది, అది ఒక్కటే ఉంది మా దగ్గర, అర గంట వెతికినాం. ఇంతలో తోట పెద్దాయన వచ్చినాడు, తల పైకెత్తి చూసి, "ఏంది నాయనా అది, కెమెరానా? నా కాయలు ఎవురు కోస్తాండారో చూసేదానికా?" అన్నాడు. కాదు పెద్దాయనా, తీగకి జ్వరం ఎంతుందో చూసేది అంటే, "అయితే ముందు నాకు చూడండి, ఈ ఎండకి" అని నవ్వి, ఆయనే కాలితో గడ్డి జరిపి కీ తీసిచ్చినాడు.

మే రెండో వారంలో ఒక రోజు, మధ్యాహ్నం 12:40. బయట 41 డిగ్రీలు. లైన్‌లో 214 ఆంపియర్లు. రోడ్డు పక్కన యూనిట్ 57 డిగ్రీలు చూపిస్తా ఉంది. తోట కాడ యూనిట్ 72. ఒకే తీగ, ఒకే కరెంటు, మధ్యలో మూడు కిలోమీటర్ల దూరం. నేను మొదట సెన్సార్ చెడిపోయింది అనుకున్నా, తర్వాత ఎక్సెల్‌లో గాలి తగ్గించి వేసి చూస్తే సరిగ్గా సరిపోతా ఉంది. డబ్బా కరెక్టు, మేం పెట్టిన చోటు తప్పు. 57 చూసి మేం కొత్త 3 మెగావాట్లు ఫుల్లుగా వదిలి ఉంటే, లెక్క ప్రకారం తోట మీద తీగ 80 దాటి ఉండేది. ఒక రోజు 80 అయితే తీగ ఏం కరిగిపోదు, అల్యూమినియం మెత్తబడేది 90 దాటినాక, అదీ గంటలు గంటలు ఉంటే. అసలు భయం సాగ్.

ఈ సాగ్ లెక్క నాకు ఎప్పుడూ వింతగానే ఉంటది. వంద మీటర్ల స్పాన్‌లో, అంటే రెండు పోల్స్ మధ్యలో, తీగ 30 డిగ్రీలు వేడెక్కితే పొడవు పెరిగేది 6 సెంటీమీటర్లే, అరచేయి కూడా కాదు. కానీ ఆ 6 సెంటీమీటర్లకి మధ్యలో తీగ అర మీటరు దాకా కిందికి దిగుతది. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో 5 కోట్ల మందికి కరెంటు పోయినప్పుడు, ఒహాయోలో ముందు ట్రిప్ అయిన పెద్ద లైన్లు చెట్లకి తగిలినవే, అవి రేటింగ్ కూడా దాటలా, చెట్లు పెరగనిచ్చినారు అంతే. మాది వాళ్ళ 345 కేవీ ముందు పిల్ల లైన్, అయినా చెట్టుకి ఆ తేడా తెలీదు కదా.

మా చెట్టు తోతాపురి. తీగ కిందికి ఒక కొమ్మ పెరిగి ఉంది, నిండా కాయలు. మామూలుగా అయితే చూసిన రోజే కొట్టేస్తాం. పెద్దాయన "కాయ దించేదాకా ఆగండి నాయనా, జూన్ ఆఖరికి పల్ప్ ఫ్యాక్టరీ లారీ వస్తాది, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. ఇక్కడ ఈ డబ్బా నిజంగా పనికొచ్చింది. మేం కేబుల్ హైట్ మీటర్ పట్టుకుని, అంటే తీగ కింద నిలబడి పైకి పెడితే ఎత్తు చెప్పేది, ఉదయం 7కి ఒకసారి, మధ్యాహ్నం ఒంటి గంటకి ఒకసారి కొలిచినాం. ఉదయం భూమి నుంచి 7.2 మీటర్లు, మధ్యాహ్నం 6.6. డబ్బా యాంగిల్ బట్టి చెప్పింది 6.5. పది సెంటీమీటర్ల తేడా, అదీ భయపడే వైపు తేడా, నాకు చాలు. 33 కేవీకి పొలంలో భూమి నుంచి 5.2 మీటర్లు ఉండాల, దానికి ఇబ్బంది లేదు, కొమ్మకీ తీగకీ మధ్య రెండున్నర మీటర్లు తగ్గకుండా చూసుకుంటే చాలు అని మాలో మేం గీత గీసుకున్నాం. ఆరు వారాలు, మధ్యలో గేట్‌వే పోయిన రోజులు తప్ప (అది కింద చెప్తా), రోజూ మధ్యాహ్నం నేను ఫోన్‌లో చూసేది ఆ ఒక్క నెంబరే. రెండు సార్లు దగ్గరికొచ్చింది, రెండు సార్లూ ఇన్వర్టర్లు పది శాతం తగ్గించినాం, ఇరవై నిమిషాలు. పోయిన యూనిట్లు పెద్ద లెక్క కాదు. సాగ్ విషయంలో ఈ డబ్బాకి అయిదుకి అయిదు.

ఇప్పుడు తిట్లు.

ఒకటి, రాత్రి. తీగలో కరెంటు నుంచి పవర్ తీసుకుంటది అన్నా కదా. బాగుంది, కానీ మాది సోలార్ సామీ. సాయంత్రం ఆరున్నరకి కరెంటు పోతది, దీనికి కనీసం 40 ఆంపియర్లు కావాల, మూడు డబ్బాలూ పడుకుంటాయి. పడుకుంటే పడుకోనీ, రాత్రి మాకు రేటింగ్‌తో పనే లేదు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి అదే తీగ 330 దాకా మోస్తది, మోయడానికి మా దగ్గర ఏం ఉంటది, వెన్నెలా? కానీ సాఫ్ట్‌వేర్‌కి ఇది తెలీదు. రోజూ సాయంత్రం "కమ్యూనికేషన్ ఫెయిల్, లైన్ ఫాల్ట్ అయి ఉండవచ్చు" అని ఎర్ర అక్షరాల్తో మెసేజ్ మీద మెసేజ్. మొదటి రోజు మా సార్ తిరుమలలో క్యూలో ఉండి ఫోన్ జమ చేసే ముందు ఈ మెసేజ్ చూసినాడు, పాపం దర్శనమంతా లైన్ గురించే అంట. కంపెనీకి ఫోన్ చేస్తే "సార్ మా కస్టమర్లందరూ ట్రాన్స్‌మిషన్ వాళ్ళే, వాళ్ళ లైన్లలో రాత్రి కూడా కరెంటు ఉంటుంది" అన్నారు. సరిచేయడానికి అయిదు వారాలు పట్టింది.

రెండు, ఇదే అసలు తప్పు. డబ్బా రీడింగ్ గేట్‌వేకి, గేట్‌వే నుంచి 4జీ సిమ్‌తో వాళ్ళ సర్వర్‌కి, సర్వర్‌లో పది నిమిషాల యావరేజ్ తీసి, దాటితే ఎస్సెమ్మెస్. మా ఫోన్‌కి వచ్చేసరికి పన్నెండు, పదమూడు నిమిషాలు. డాగ్ మాదిరి సన్న తీగకి గాలి పడిపోతే ఆరేడు నిమిషాల్లోనే సగం పైన వేడి ఎక్కేస్తది, ఇరవై నిమిషాల్లో ఎక్కాల్సిందంతా ఎక్కి కుదురుకుంటది. అంటే ఎస్సెమ్మెస్ చదివేసరికి పెళ్ళి అయిపోయి భోజనాలు కూడా అయిపోతాయి. పెద్ద తీగలకి, మూస్ లాంటివాటికి టైం కొంచెం ఎక్కువ ఉంటది, వాళ్ళకి నడవొచ్చు. మాకు నడవలా. చివరికి మేమే గేట్‌వే నుంచి మోడ్‌బస్ అనే కనెక్షన్‌తో నేరుగా మా స్కాడాకి (ప్లాంట్ అంతా చూసే కంట్రోల్ రూమ్ కంప్యూటర్) తెచ్చుకున్నాం, ఒక నిమిషంలో వస్తా ఉంది. ఈ పోర్టు ఉందని వాళ్ళ ఇన్‌స్టలేషన్ పిల్లోళ్ళు చెప్పలా, మాన్యువల్ చివరి పేజీలో ఉంది. కొనేవాళ్ళు ముందు ఇది అడగండి, డ్యాష్‌బోర్డ్ రంగులు తర్వాత.

మూడు, రేపటి రేటింగ్ అని ఒక ట్యాబ్ ఉంటది, 24 గంటల ముందే చెప్తదంట. మేం మొదట్లో దాని మీద ఆశ పెట్టుకున్నాం, రేపు ఎంత వదలొచ్చో ముందే తెలిస్తే మంచిదే కదా. ఏ వాతావరణం తీసుకుంటా ఉందో తవ్వి చూస్తే, రేణిగుంట విమానాశ్రయం వైపు మైదానం. ఆడ రన్‌వే మీద వీచే గాలికీ, గుట్ట వెనక తోటకీ ఏం చుట్టరికం? నెల రోజుల్లో ఆ ట్యాబ్ ఎవరూ తెరవడం మానేసినాం. అమెరికాలో 2021 డిసెంబరులో ఆడి కరెంటు నియంత్రణ సంస్థ ఫెర్క్ ఆర్డర్ 881 అని ఇచ్చి, ట్రాన్స్‌మిషన్ లైన్లకి గంట గంటకీ బయటి వేడిని బట్టి రేటింగ్ మార్చమన్నారు, అందులో కూడా గాలిని ముట్టుకోలా, వేడి, పగలు రాత్రి తేడా వరకే. అప్పుడు చదివినప్పుడు ఇంత పెద్ద దేశం గాలిని వదిలేసిందేంది అనుకున్నా. ఇప్పుడు అర్థమైంది. వేడిని నమ్మొచ్చు, జిల్లా అంతా ఒకే మాదిరి ఉంటది. గాలి పక్క పోల్ కాడే వేరే.

వెదర్ స్టేషన్ సంగతి కూడా అదే. డాబా మీద ఏసీ పక్కన పెట్టినప్పుడు బయటి వేడి మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది, గాలి మాత్రం ఫ్యాన్ గాలి, రోజంతా ఒకే వేగం. గ్రాఫ్ చూస్తే గీత గీసినట్టు ఉంది, అప్పుడైనా అనుమానం రావాల, రాలా. తర్వాత తోట పక్క పోల్‌కి తీగ ఎత్తులో పెట్టినాం. సెన్సార్ మంచిదే, తిరిగే కప్పుల రకం కాదు, అల్ట్రాసోనిక్, చిన్న గాలి కూడా పట్టుకుంటది. కప్పుల రకం అయితే మాకు కావాల్సిన ఆ కొంచెం గాలికి కదలనే కదలదు, దాంతో సున్నా అని చెప్తది.

ఇంకో చిన్నది, చాలామంది ఇంటర్నెట్‌లో అడిగే డౌట్. పాత తీగ నల్లగా ఉంటది కదా, ఎండ ఎక్కువ పీల్చదా అని. పీలుస్తది, కానీ అంతే బాగా వేడి వదులుతది కూడా. సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళు కొత్త తీగ లెక్క పెట్టి ఉన్నారు, నేను పాత తీగకి మార్చి చూస్తే రేటింగ్‌లో తేడా చిన్నదే. దీనికోసం కొట్లాడొద్దు. కానీ చేత్తో పట్టుకునే ఐఆర్ గన్‌తో తీగ వేడి చూసి డబ్బా తప్పు అనేవాళ్ళు మాత్రం ఆగండి, మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ ఎప్పుడూ తక్కువే చూపిస్తది.

అన్నిటికన్నా నాకు కోపం వచ్చింది ఎవరి మీదంటే నా మీదే. జూన్ మొదట్లో ఒక రోజు అన్నీ బాగున్నాయి, మూడు కట్లూ 60 లోపు, డ్యాష్‌బోర్డ్ పచ్చ. వేడిని బొమ్మలో చూపించే థర్మల్ కెమెరా అద్దెకి తెచ్చి ఊరికే లైన్ నడిచినాం. ఏబీ స్విచ్ (లైన్‌ని తెరిచి మూసే స్విచ్) కాడ ఒక జంపర్ ముక్కని తీగకి కలిపే పీజీ క్లాంప్ 110 డిగ్రీలు చూపిస్తా ఉంది. తీగ 58, దాన్ని పట్టుకున్న క్లాంప్ 110. వదులైపోయి, లోపల తుప్పు. ఇంకో పది రోజులు ఉండి ఉంటే తెగి కింద పడేది. కట్టు తనున్న చోట తీగ వేడి చెప్తది, అంతే. లైన్ ఎంత మోస్తది అంటే తీగ ఒక్కటే కాదు కదా, ప్రతి జాయింటూ, ప్రతి క్లాంపూ, స్విచ్చీ, సీటీ, వాటిలో ఏది ముందు చేతులెత్తేస్తే అదే లైన్ రేటింగ్. సేల్స్ వాళ్ళ స్లైడ్లలో 30 శాతం అదనపు కెపాసిటీ అని ఉంటది, ఆ 30 శాతం మోయాల్సింది ఈ పీజీ క్లాంపే. ఆ రోజే లైన్ మొత్తం మీద 14 క్లాంపులు మార్చినాం. మీరు ఈ డబ్బా కొనేముందు ఆ డబ్బులో కొంచెం తీసి థర్మల్ కెమెరా తెచ్చుకుని ఒకసారి లైన్ నడవండి, సగం సమస్యలు ఆడే దొరుకుతాయి.

సర్వీస్ గురించి రెండు మాటలు. ఫోన్ ఎత్తుతారు, మర్యాదగా మాట్లాడతారు, పని చేయరు. మే చివర్లో వడగళ్ళ వాన, పిడుగులు పడిన రాత్రి గేట్‌వే పోయింది, కొత్తది రావడానికి పదకొండు రోజులు, ఆ పదకొండు రోజులు మళ్ళీ లైన్‌మన్ అన్న చెమటే మాకు సెన్సార్. డబ్బాలు మాత్రం పోలా, ఆ వానకీ పిడుగులకీ ఏం కాలా, తయారీ గట్టిది. విప్పి చూసినాం, ఒక చుక్క నీళ్ళు లోపలికి పోలా.

మరి పనికొచ్చిందా? వచ్చింది. పాంథర్ వేయలా. 3 మెగావాట్లు కలిపినాం, సంవత్సరంలో ఎక్కువ రోజులు గాలి మాకు కావాల్సినంత ఉంటది, పైగా మే నెల ఎండకి ప్యానెళ్ళు కూడా వేడెక్కి ఫుల్ పవర్ ఇవ్వవు, కాబట్టి తీగకి కష్టమైన రోజే ప్లాంట్ కూడా కొంచెం నీరసంగా ఉంటది, ఇది మా అదృష్టం. తగ్గించాల్సొచ్చిన రోజులు నాలుగు నెలల్లో చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తీగ మార్చే ఖర్చుతో పోలిస్తే ఇది పప్పులో ఉప్పు.

కానీ మూడు యూనిట్లు మాకు అక్కర్లా. నెల అద్దె అదనంగా కట్టి జూలైలో కూడా వాడి చూసినాం, చివరికి ఒక్కటే ఉంచుకున్నాం, తోట కాడిది, దాంతో పాటు వెదర్ స్టేషన్. మిగతా రెండూ వాపస్. 9 కిలోమీటర్ల లైన్‌కి గాలి అందని చోటు ఒకటి తెలుసుకుంటే ఒక్క డబ్బా చాలు, తెలీకుంటే పది పెట్టినా అంతే. ఆ చోటు ఎక్కడో కంపెనీ వాళ్ళని కాదు, మీ లైన్ రోజూ నడిచే మనిషిని అడగండి. పెద్ద గ్రిడ్ లైన్లు, లోయలు కొండలు దాటేవి, శేషాచలం పక్కన పోయేవి అయితే లెక్క వేరు, వాటికి ఎక్కువే కావాల. రోడ్డు పక్కనే తిన్నగా పోయే చిన్న లైన్, లోడ్ సగమే ఉంటే అసలు కొనొద్దు, కెమెరా చాలు.

రేటింగ్: డబ్బాకి 4.5, సాఫ్ట్‌వేర్‌కి 2.5, సర్వీస్‌కి 2. మొత్తం మీద 3.5 వేస్తా, ఆ అర మార్కు సాగ్ కోసం.

జూన్ 27న పెద్దాయన కాయ దించినాడు, మర్నాడే కొమ్మ కొట్టినాం, ఒక గోతాం కాయలు ప్లాంట్‌కి పంపినాడు, తోతాపురి కాబట్టి ఉప్పు కారం అద్దుకుని అందరం తిన్నాం. వాపస్ ఇచ్చిన రెండు యూనిట్ల డిపాజిట్ మాత్రం ఇంకా రాలా, అలెన్ కీ తిరిగి ఇవ్వలేదని మెయిల్ పెట్టినారు, అది లైన్‌మన్ అన్న జేబులో ఉంది. డబ్బులు వస్తే ఇక్కడే అప్‌డేట్ చేస్తా.